మాటెరాజీ అంటే ఆ తలదెబ్బ ఒక్కటేనా?

నైట్‌డ్యూటీ_నాని
వేరే గ్రూపులో ఇటలీ బెస్ట్ ఫుట్‌బాల్ డిఫెండర్ల లిస్టు నడుస్తోంది. బరేసి, మాల్దీని, నెస్టా, కన్నవారో... వీళ్లతో ఎవరికీ పేచీ లేదు. నేను పోయి మార్కో మాటెరాజీ పేరు రాశాను. ఇక చూడండి, నవ్వు బొమ్మల వరద. "జిదాన్‌తో తల గుద్దించుకున్నోడేగా" అని ఒకడు, "నటనలో అవార్డు ఇద్దాం" అని ఇంకొకడు. అరే బాబూ, 2006 వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ఆయన ఛాతీ మీద తలతో గుద్దాడు, నిజమే. కానీ అదే ఫైనల్లో ఇటలీ కొట్టిన ఒకే ఒక్క గోల్ ఆయనది. షూటౌట్లో పెనాల్టీ కూడా వేశాడు. ఇంటర్ మిలాన్ క్లబ్‌కి పదేళ్లు ఆడాడు. ఇవేవీ లెక్కలోకి రావా? సూటిగా అడుగుతున్నా, ఆ దెబ్బ జరక్కపోయుంటే ఈయన్ని ఎలా గుర్తుపెట్టుకునేవాళ్లం? నిజంగా మంచి డిఫెండరా, కాలం కలిసొచ్చినోడా?

వైజాగ్_వింగర్
ఆ దెబ్బ జరక్కపోయుంటే నువ్వు ఈ ప్రశ్నే వేసేవాడివి కాదు.

ఆఫ్‌సైడ్_ఆచారి
నాని తమ్ముడూ, నీ గ్రూపువాళ్లు నవ్వడంలో తప్పేం లేదు. నెస్టా పేరున్న లిస్టులో మాటెరాజీని ఎక్కించడం అన్యాయం. నెస్టా బంతిని లాగేస్తే ఫార్వర్డ్‌కి ఓ క్షణం దాకా తెలిసేది కాదు. ఈయన లాగేస్తే ఫిజియో పరిగెత్తుకొచ్చేవాడు. కాలు ముందు, బంతి తర్వాత. నా దృష్టిలో ఆయన గ్రౌండ్లో రౌడీ.

బొల్లారం_బ్యాక్
ఆచారి గారు వచ్చేశారు, ఇక ఈ చర్చ పది పేజీలు.

మిలానో_మూర్తి
నాని ప్రశ్నకి జవాబు 2006లో వెతికితే దొరకదు, మొదట్నుంచి చూడాలి. ఇక్కడ మిలాన్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇంటర్ పిచ్చోళ్లు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లతో ఏళ్లుగా వాదించి వాదించి ఈ మనిషి చరిత్ర నాకు నోటికొచ్చేసింది.

పుట్టింది 1973 ఆగస్టులో, దక్షిణాన లెచ్చేలో. తండ్రి జుసెప్పె మాటెరాజీ కోచ్. పీసా, లాజియో, బారి, ఇలా ఊరూరా తిరిగిన కోచ్. కోచ్ కొడుకు కదా, దారి సాఫీగా ఉంటుందనుకుంటాం. ఏమీ లేదు. మాల్దీని పదహారేళ్లకే ఏసీ మిలాన్ మెయిన్ టీంలోకి వచ్చేశాడు. అదే ఇరవయ్యేళ్ల వయసు దగ్గరపడుతున్నప్పుడు మాటెరాజీ రోమ్‌లో టోర్ డి క్వింటో అనే ఔత్సాహిక జట్టుకి ఆడుతున్నాడు. తర్వాత సిసిలీలో మార్సాలా, ట్రాపానీ. అవి కింది డివిజన్ల జట్లు. 1995లో పెరూజా తీసుకుంది, మళ్లీ మధ్యలో ఓ సీజన్ కార్పీకి అద్దెకి పంపింది. 1998లో ఇంగ్లండ్‌లో ఎవర్టన్. ఏడాది తిరక్కుండానే మళ్లీ పెరూజా. ఇంటర్ కొనేనాటికి, అంటే 2001లో, ఆయనకి ఇరవై ఎనిమిదో ఏడు నిండబోతోంది. ఇటలీ జెర్సీ మొదటిసారి వేసుకున్నది కూడా అదే ఏడాది ఏప్రిల్లో, దక్షిణాఫ్రికా మీద.

అకాడమీలో అల్లారుముద్దుగా పెరిగిన వాళ్లకీ, ఇలా కింది నుంచి పాక్కుంటూ వచ్చిన వాళ్లకీ ఆటలో తేడా ఉంటుంది. ఆచారి గారు రౌడీ అంటున్నది ఆ గ్రౌండ్లలో అబ్బిన గుణమే.

ఆఫ్‌సైడ్_ఆచారి
మూర్తి గారూ, కింది డివిజన్లలో ఆడినవాళ్లందరూ మోచేతులు విసరరండి. 2006లోనే, వరల్డ్ కప్‌కి కొన్ని నెలల ముందు, ఛాంపియన్స్ లీగ్‌లో స్పెయిన్ జట్టు విల్లారియల్ ఆటగాడు సోరిన్‌కి మోచేత్తో ఇచ్చాడు. కంటి దగ్గర చిట్లి రక్తం. 2004లో సియెనా మ్యాచ్ అప్పుడైతే అసలు ఆడనే లేదు. మ్యాచ్ అయ్యాక సియెనా ఆటగాడు బ్రూనో చిరిల్లోని లోపల కొట్టాడు. అతను చిట్లిన పెదవితోనే టీవీ కెమెరాల ముందు నిలబడ్డాడు. రెండు నెలల నిషేధం. ఆడని మ్యాచ్‌కి నిషేధం తెచ్చుకున్న డిఫెండర్‌ని ఇంకెవర్నైనా చూపించండి.

వైజాగ్_వింగర్
ఆడకుండానే సస్పెండ్ అవ్వడం కూడా ఓ టాలెంటే 😂

శైలజ_నెరాజుర్రి
నేను ఇంటర్ ఫ్యాన్‌ని, పేరు చూస్తేనే తెలుస్తుంది. చిరిల్లో విషయంలో మావాడిని వెనకేసుకు రాను. కానీ ఆచారి గారు చెప్పేది వింటే మనిషి పదేళ్లూ తన్నడం తప్ప ఏమీ చెయ్యలేదనిపిస్తుంది. పెరూజాలో 2000-01 సీజన్ గుర్తుందా? డిఫెండర్ అయ్యుండి ఇటలీ టాప్ లీగ్ సిరీ ఆలో 12 గోల్స్. అర్జెంటీనా పసరెల్లా ఫియొరెంటినాకి కొట్టిన 11 గోల్స్ రికార్డు దాంతో పోయింది. ఇంటర్ ఆయన్ని కొన్నది ఆ సీజన్ చూసే.

ఆఫ్‌సైడ్_ఆచారి
అందులో పెనాల్టీలు ఎన్నో కూడా చెప్పమ్మా.

శైలజ_నెరాజుర్రి
చాలానే ఉన్నాయి. ఉంటే? డిఫెండర్ చేతికి పెనాల్టీ ఇచ్చే కోచ్ ఊరికే ఇస్తాడా. పెరూజా కోచ్ సెర్సె కోజ్మి పిచ్చోడేం కాదు.

అనంతపూర్_పీఈటీ
నేను పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. పెనాల్టీల సంగతి పక్కన పెట్టి ఆ హెడర్లు చూడండి. మాటెరాజీ ఎత్తు 1.93 మీటర్లు, కానీ ఎత్తు ఉన్నంత మాత్రాన హెడర్ రాదు. మా దగ్గర పొడుగు పిల్లలు కార్నర్ వచ్చినప్పుడు నిలబడిన చోటునుంచే ఎగురుతారు. ఈయన అలా చెయ్యడు. పెనాల్టీ స్పాట్‌కి వెనకాల ఎక్కడో, పట్టనట్టు నిలబడతాడు. కిక్ కొట్టేవాడి కాలు లేచేదాకా కదలడు. లేవగానే రెండు మూడు పెద్ద అంగలు, అప్పుడు ఎగురుతాడు. ఎదుటివాడు నిలబడి ఎగిరితే ఈయన పరుగుతో ఎగురుతాడు, అందుకే ఎప్పుడూ ఓ జానెడు పైన ఉంటాడు. చేతులు కూడా చూడండి, రెక్కల్లా పక్కకి చాపుతాడు. ఆ చేతులవల్లే మోచేతి కేసులు కూడా వచ్చాయి, అది ఒప్పుకోవాలి.

2006 ఫైనల్లో గోల్ ఆపి ఆపి చూడండి. కుడివైపు నుంచి పిర్లో కార్నర్. మార్క్ చేస్తున్నది ఫ్రాన్స్ పాట్రిక్ వియెరా, ఆయనా పొడగరే, బలవంతుడే. వియెరా ఎగిరాడు కూడా. అయినా బంతి దగ్గరికి ముందు చేరిన తల మాటెరాజీది. కీపర్ బార్తేజ్‌కి ఛాన్సే లేదు.

నైట్‌డ్యూటీ_నాని
సార్, ఇదీ నాక్కావాల్సింది! దీన్ని ఆ గ్రూపులో పడేస్తా.

బొల్లారం_బ్యాక్
పెనాల్టీ ఇచ్చింది కూడా ఆయనే కదా ఆ మ్యాచ్‌లో. ఏడో నిమిషంలో మలూదాని పడగొట్టాడని జిదాన్‌కి పెనాల్టీ. జిదాన్ మెల్లగా చిప్ చేస్తే బార్‌కి తగిలి లోపల పడింది. పంతొమ్మిదో నిమిషంలో ఈయనే సమం చేశాడు. తనే చెడగొట్టాడు, తనే బాగుచేశాడు. మ్యాచ్ మన టైం ప్రకారం రాత్రి పదకొండున్నరకి మొదలైంది, మా వీధిలో మా ఇంట్లోనే లైటు. గోల్ పడ్డాక నేనేసిన కేకకి మా నాన్న లేచి "దొంగలా?" అన్నాడు.

వైజాగ్_వింగర్
ఆచారి గారైతే "అవును, మాటెరాజీ" అనేవారు.

ఆఫ్‌సైడ్_ఆచారి
😄 ఇది బావుంది.

మిలానో_మూర్తి
అసలు ఆ వరల్డ్ కప్‌లో ఆయన బెంచీ మీద కూర్చోవాల్సినవాడు. కోచ్ లిప్పి మొదటి జంట నెస్టా, కన్నవారో. చెక్ రిపబ్లిక్‌తో మ్యాచ్‌లో నెస్టా గాయపడితే పదిహేడో నిమిషంలో దిగాడు. దిగిన తొమ్మిది నిమిషాలకి టోటి కార్నర్ మీద హెడర్, గోల్. తర్వాతి మ్యాచ్ ఆస్ట్రేలియాతో, రెండో సగం మొదలవగానే రెడ్ కార్డు! పది మందితో లాక్కొచ్చి, ఆఖర్లో టోటి పెనాల్టీతో గట్టెక్కారు. సస్పెన్షన్ వల్ల ఉక్రెయిన్‌తో క్వార్టర్స్ పోయింది. మళ్లీ జర్మనీతో సెమీస్, తర్వాత ఫైనల్. ఒక్క టోర్నీలో సబ్‌స్టిట్యూట్, గోల్, రెడ్ కార్డు, సస్పెన్షన్, ఫైనల్ గోల్, షూటౌట్ పెనాల్టీ.

ఇంకో ముచ్చట. ఆ టోర్నీలో ఇటలీ తరఫున ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు ఇద్దరు, చెరి రెండు. ఒకరు స్ట్రైకర్ లూకా టోని. రెండోవాడు ఎవరో చెప్పక్కర్లేదు. దేశానికి ఆడిన 41 మ్యాచ్‌ల్లో ఆయన కొట్టిన గోల్స్ కూడా ఆ రెండే.

కడప_కీపర్
2002లో కూడా నెస్టా గాయపడితే ఈయనే దిగాడుగా? క్రొయేషియాతో. ఆ మ్యాచ్ చివర్లో ఈయన మధ్యలోంచి కొట్టిన పొడుగు బంతి ఎవరికీ తగలకుండా నేరుగా గోల్లోకి పోయింది. ఇటలీ ఫార్వర్డ్ ఇంజాగి ఎదుటివాడి జెర్సీ లాగాడని రిఫరీ గ్రాహం పోల్ దాన్ని కొట్టేశాడు. ఇటలీ 2-1తో ఓడింది. అంటే నెస్టా దురదృష్టం, ఈయన అదృష్టం అని కూడా అనలేం, 2002లో దిగీ లాభం లేకపోయింది.

ఆఫ్‌సైడ్_ఆచారి
2006లో అదృష్టం కలిసొచ్చిందని మాత్రం మీరే ఒప్పుకున్నట్టు. నాని అడిగిన దాంట్లో రెండోది అదే కదా, కాలం కలిసొచ్చినోడా అని. నెస్టా తొడ పట్టేయకపోతే ఈ చర్చే లేదు.

అనంతపూర్_పీఈటీ
ఆచారి గారూ, బెంచీ మీదున్నవాడికి పిలుపు రావడం వరకే అదృష్టం. వేడెక్కని ఒంటితో పదిహేడో నిమిషంలో దిగి తొమ్మిది నిమిషాల్లో గోల్ కొట్టడం కాదు. మా పిల్లల్లో బెంచీ మీద కూర్చోబెడితే అలిగి బూట్ల లేసులు విప్పేసుకునేవాళ్లున్నారు. సడెన్‌గా దిగమంటే లేసులు కట్టుకోవడానికే రెండు నిమిషాలు.

జూబ్లీ_జువె
అందరూ అసలు విషయం తప్ప అన్నీ మాట్లాడుతున్నారు. తలదెబ్బ సంగతేంటి? 110వ నిమిషం. కెరీర్లో ఆఖరి మ్యాచ్ ఆడుతున్న జిదాన్‌ని రెచ్చగొట్టి బయటికి పంపాడు. జెర్సీ పట్టుకుని లాగాడు. జిదాన్ "కావాలంటే మ్యాచ్ అయ్యాక ఇస్తాలే" అన్నట్టు జవాబిస్తే, అతని అక్కని అసభ్యంగా అన్నాడు. ఏడాది తర్వాత తనే పత్రికకి చెప్పుకున్నాడు. దీన్ని డిఫెండింగ్ అంటారా?

బొల్లారం_బ్యాక్
నేను స్టాపర్‌గా ఆడేవాణ్ణి, లోకల్ లీగుల్లో. మ్యాచ్ అంతా చెవి దగ్గర ఏదో ఒకటి వాగే ఫార్వర్డ్‌లుండేవాళ్లు, ఇంటావిడ పేరుతో సహా. ఒకసారి ఒకణ్ణి కాలర్ పట్టుకున్నా, రిఫరీ నాకే కార్డిచ్చాడు. వాడు నవ్వుకుంటూ పోయాడు. ఆ రోజు నుంచి నాకర్థమైంది ఏంటంటే, మాటకి కార్డు లేదు, చేతికి ఉంది. జిదాన్ అంతటివాడికి ఇది తెలియదా?

శైలజ_నెరాజుర్రి
బొల్లారం అన్నా, మీ పాయింట్ అర్థమైంది. కానీ మాటకి కార్డు లేకపోవడం వల్ల ఆ మాట మంచిదైపోదు. ఎక్కడో ఇంట్లో కూర్చుని మ్యాచ్ చూస్తున్న ఒక ఆడమనిషిని మధ్యలోకి లాగాడు. ఇద్దరు మగాళ్ల గొడవలో ఎప్పుడూ అక్కనో అమ్మనో తిట్టడమే ఎందుకు? ఆ గోల్‌కి నేను గెంతులేశాను, ఆ మాటకి మాత్రం నాకు సిగ్గేసింది. రెండూ ఒకే మనిషి చేసినవే.

వైజాగ్_వింగర్
+1 అక్కా.

కడప_కీపర్
అమ్మని అన్నాడన్నది మాత్రం పుకారు. ఆయన తల్లి చిన్నప్పుడే పోయింది, ఆ మాట తన నోట రాదని మొదట్నుంచీ చెప్పాడు. టెర్రరిస్టు అన్నాడనీ, జాతిని తిట్టాడనీ రాసిన బ్రిటిష్ పత్రికలు తర్వాత ఆయనకి పరిహారం కట్టాయి. అన్నది చెడ్డ మాటే, అననివి కూడా తలకి చుట్టారు.

జూబ్లీ_జువె
ఫిఫా ఏం చేసిందో కూడా చెప్పండి మరి. జిదాన్‌కి మూడు మ్యాచ్‌ల నిషేధం, 7,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా. మాటెరాజీకి రెండు మ్యాచ్‌లు, 5,000. గుద్దించుకున్నవాడికి ఫిఫా ఊరికే శిక్ష వేస్తుందా?

బొల్లారం_బ్యాక్
జిదాన్ రిటైరైపోయాడు కాబట్టి ఆ మూడు మ్యాచ్‌లకి బదులు సమాజసేవ. ఈయన మాత్రం నిజంగానే మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే ఫ్రాన్స్‌తో పారిస్‌లో యూరో క్వాలిఫయర్, ఇటలీ 3-1తో ఓడింది. ఈయన లేడు.

మిలానో_మూర్తి
ఆ దెబ్బ రిఫరీ ఎలిజోండో చూడలేదు. బంతి ఎక్కడో ఉంది. ఇటలీ కీపర్ బఫన్ పరిగెత్తి లైన్స్‌మన్ మీద అరిచాడు. చివరికి చెప్పింది నాలుగో అధికారి, స్పెయిన్ మెదీనా కాంటలెహో. ఇక విగ్రహం సంగతి తెలుసుగా? అల్జీరియాలో పుట్టిన శిల్పి అదెల్ అబ్దెసెమెద్ ఆ క్షణాన్ని ఐదు మీటర్ల పైచిలుకు కంచు విగ్రహం చేశాడు. 2012లో పారిస్ పాంపిడూ సెంటర్ ముందు పెట్టారు. తర్వాత ఖతార్ కొని 2013లో దోహా తీరంలో నిలబెడితే జనం గొడవ చేశారు, కొన్ని వారాలకే తీసేశారు. 2022లో మళ్లీ మ్యూజియంలో పెట్టారు.

ప్రపంచంలో ఎంతమంది డిఫెండర్లకి విగ్రహం ఉంది చెప్పండి? అదీ కింద పడిపోతుండగా!

వైజాగ్_వింగర్
దోహాలో మా బావ ఉన్నాడు, సెల్ఫీ తీసి పంపమంటా. జిదాన్ వైపు నిలబడాలా, మాటెరాజీ వైపా అని అడుగుతాడు.

ఆఫ్‌సైడ్_ఆచారి
మధ్యలో నిలబడమను, వాడికీ ఒకటి తగుల్తుంది.

మోడరేటర్_రాఘవ
ఆచారి గారూ, బావలని కొట్టడం రూల్స్‌కి విరుద్ధం. జిదాన్-మాటెరాజీ తిట్ల మీద ఇంతవరకు చాలు, మళ్లీ మళ్లీ అదే తిప్పొద్దు. కెరీర్ గురించి మాట్లాడండి.

శైలజ_నెరాజుర్రి
సరే, కెరీర్ గురించే. ఇంటర్ అభిమానుల్ని కదిలిస్తే 2006 కంటే ముందు 2002 మే 5 చెప్తారు. ఆఖరి రోజు, టేబుల్లో ఇంటర్ టాప్. రోమ్‌లో లాజియోని కొడితే టైటిల్. రెండుసార్లు ఆధిక్యంలోకి వెళ్లి 4-2తో ఓడిపోయాం. జువెంటస్ ఛాంపియన్, మేము మూడో స్థానం. ఆ మ్యాచ్‌లో మాటెరాజీ ఏడుస్తూ లాజియో ఆటగాళ్లతో, మీకు టైటిల్ గెలిపించింది నేనేగా అని మొత్తుకోవడం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ మాట వెనక కథ ఇంకా రుచి. 2000 మే 14న పెరూజా తమ గ్రౌండ్లో జువెంటస్‌ని 1-0తో ఓడించింది. కుండపోత వాన, మ్యాచ్ గంటకి పైగా ఆగింది, రిఫరీ కొలీనా గొడుగేసుకుని గ్రౌండ్ చూశాడు. పెరూజా ఆటగాడు కలోరి గోల్. దాంతో టైటిల్ లాజియోకి పోయింది. ఆ పెరూజా డిఫెన్స్‌లో మాటెరాజీ ఉన్నాడు. రెండేళ్లకి అదే లాజియో కరుణించలేదు. పైగా ఆయన తండ్రి ఒకప్పుడు కోచ్‌గా చేసిన క్లబ్ అది.

జూబ్లీ_జువె
2000 వానని గుర్తు చెయ్యొద్దండీ, ప్లీజ్. ఇప్పటికీ కడుపు మండుతుంది. 2002 మే 5 మాత్రం రోజూ గుర్తు చెయ్యండి, పర్లేదు 😁

కడప_కీపర్
శైలజ గారూ, 2008 మే కూడా చెప్పండి మరి. సియెనా మ్యాచ్. గెలిస్తే ఆ రోజే టైటిల్. పెనాల్టీ వస్తే వెయ్యాల్సిన ఇంటర్ స్ట్రైకర్ క్రూజ్ చేతిలోంచి ఇంచుమించు లాక్కుని మరీ వేశాడు మావోడు. కీపర్ మానింగర్ ఆపేశాడు. 2-2. కీపర్‌గా నాకైతే ఆ దృశ్యం పదిసార్లు చూసినా తనివి తీరదు.

శైలజ_నెరాజుర్రి
చెప్తాను, ఎందుకు చెప్పను. ఆ ముందు ఏడాది అదే సియెనా మీద రెండు గోల్స్ కొట్టి టైటిల్ ఖాయం చేసింది కూడా ఆయనే, 2007 ఏప్రిల్ 22న. అందులో రెండోది పెనాల్టీ. ఆ నమ్మకంతోనే 2008లో బంతి లాక్కున్నాడు. 2006-07 సీజన్లో లీగ్‌లో మొత్తం పది గోల్స్, మెస్సీనా మీద గాల్లో తలకిందులై కొట్టిన సిజర్ కిక్‌తో సహా. అదే ఊరి ఏసీ మిలాన్‌తో డెర్బీలో 4-3 గెలిచిన మ్యాచ్‌లో గోల్ కొట్టి, జెర్సీ ఎత్తి లోపల రాసింది చూపించి, రెండో ఎల్లో తిని బయటికి పోయాడు. ఆనందం వచ్చినా ఆగడు, కోపం వచ్చినా ఆగడు.

ఆఫ్‌సైడ్_ఆచారి
ఇదే నేను మొదట్నుంచీ చెబుతున్నది! డిఫెండర్‌కి కావాల్సింది నిలకడ. మాల్దీనికి, నెస్టాకి అదే ఉంది. ఈయన గొప్ప మ్యాచ్‌లు ఆడాడు, కాదన్ను. కానీ కోచ్‌కి ఈయనతో ఎప్పుడూ టెన్షనే. 2008 యూరో చూడండి, కన్నవారో గాయంతో తప్పుకుంటే ఈయనకి చోటు దొరికింది. నెదర్లాండ్స్‌తో మొదటి మ్యాచ్ 3-0 చిత్తు. రెండో మ్యాచ్‌కి తీసేశారు.

అనంతపూర్_పీఈటీ
అప్పటికి ఆయనకి దాదాపు ముప్పై అయిదు. ఈ ఒక్క పాయింట్‌లో ఆచారి గారితో ఏకీభవిస్తా. నా పిల్లలకి మార్కింగ్ నేర్పడానికి నెస్టా వీడియోలు చూపిస్తా. కార్నర్లకి మాటెరాజీవి. ఇద్దరూ కావాలి, కానీ ఒకరి పని ఇంకొకరు చెయ్యలేరు.

చెపాక్_చిన్నోడు
ఎవరూ మా చెన్నై సంగతి ఎత్తలేదేంటి! నేను నెల్లూరువాణ్ణి, అప్పట్లో చెన్నైలో ఇంజినీరింగ్. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు చెన్నయిన్ ఎఫ్‌సీకి మాటెరాజీ కోచ్ కమ్ ప్లేయర్. నెహ్రూ స్టేడియంలో సైడ్ స్టాండ్ టికెట్లు కొనుక్కుని వెళ్లేవాళ్లం. మనిషి టచ్‌లైన్ దగ్గర ఒక్క నిమిషం నిలబడితే ఒట్టు. రిఫరీ విజిల్ వేసిన ప్రతిసారీ రెండు చేతులూ ఆకాశానికెత్తి, తర్వాత వాటర్ బాటిల్ మీద కోపం చూపించేవాడు. మా పక్కన ఒక పెద్దాయన ఆటకంటే ఈయన్నే ఎక్కువ చూసేవాడు.

తమాషా ఏంటంటే ఆ సీజన్ చివర్లో నెస్టాని పిలిపించాడు. రెండు వరల్డ్ కప్‌లలో ఎవరి గాయం వల్ల తను దిగాడో, ఆ నెస్టాయే చెన్నైలో ఈయన కోచింగ్ కింద ఆడాడు.

నైట్‌డ్యూటీ_నాని
ఇది నాకు తెలియనే తెలియదు అన్నా! తర్వాతేమైంది?

చెపాక్_చిన్నోడు
2014లో లీగ్ టాప్, సెమీస్‌లో కేరళ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో పోయింది. 2015లో సీజన్ సగం దాటాక కూడా అట్టడుగున ఉన్నాం. అందరం వదిలేసుకున్నాం. అక్కణ్ణుంచి వరసగా గెలిచి సెమీస్‌కి వచ్చారు. అదే డిసెంబర్లో చెన్నై వరదలు. మా హాస్టల్ గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది, కరెంటు లేదు, ఫోన్లు లేవు. సొంతగడ్డ మీద ఆడాల్సిన సెమీఫైనల్ పుణెకి మార్చారు. కోల్‌కతాని 3-0 కొట్టారు. ఫైనల్ గోవాలో, జీకో కోచ్‌గా ఉన్న గోవా మీద. 87వ నిమిషంలో గోవా 2-1 ఆధిక్యం. అయిపోయిందనుకున్నాం. 90వ నిమిషంలో గోవా కీపర్ కట్టిమణి చేతి నుంచి సెల్ఫ్ గోల్, ఇంజురీ టైమ్‌లో మా మెండోజా గోల్. 3-2. ఊళ్లో సగం ఇళ్లు ఇంకా బురద కడుక్కుంటున్నాయి, అప్పుడు వచ్చింది ఆ కప్పు. 2016లో జట్టు కింద పడింది, ఆయన వెళ్లిపోయాడు. నాకైతే ఆయన డిఫెండరా రౌడీనా అన్నది అనవసరం.

ఆఫ్‌సైడ్_ఆచారి
తమ్ముడూ, కోచ్‌గా నాకేం అభ్యంతరం లేదు. బాటిల్ మీద కోపం చూపిస్తే బాటిల్‌కి కంటి దగ్గర చిట్లదు కదా.

మిలానో_మూర్తి
ఆచారి గారికి నచ్చే వార్త ఒకటి చెప్తా. 2010 నవంబర్లో మిలాన్ డెర్బీ. స్ట్రైకర్ ఇబ్రహిమోవిచ్ అప్పుడు ఏసీ మిలాన్‌లో. మాటెరాజీ పడగొట్టినందుకు వచ్చిన పెనాల్టీని ఇబ్రానే గోల్ చేశాడు, మ్యాచ్ 1-0. అది చాలక తర్వాత గాల్లోకి లేచి తైక్వాండో స్టైల్లో తన్నాడు, మాటెరాజీని ఆస్పత్రికి తీసుకెళ్లారు. తను జువెంటస్‌లో ఉన్నప్పటి ట్యాకిల్‌కి బాకీ తీర్చుకున్నానని ఇబ్రా తర్వాత చెప్పుకున్నాడు.

ఆఫ్‌సైడ్_ఆచారి
ఇది చదివాక భోజనం బాగా దిగింది.

బొల్లారం_బ్యాక్
మూర్తి గారూ, ఇంటర్ కోచ్ మౌరిన్హో కౌగిలి చెప్పకుండా వదిలేస్తారా?

మిలానో_మూర్తి
2010 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మాడ్రిడ్. జర్మనీ జట్టు బయర్న్ మీద ఇంటర్ 2-0. మిలిటో రెండు గోల్స్ కొట్టి ఇంజురీ టైమ్‌లో బయటికొస్తే, మాటెరాజీని దింపారు. ఆడింది ఏముంది, ఒకటి రెండు నిమిషాలు. తర్వాత స్టేడియం బయట మౌరిన్హో కారెక్కాడు, రియల్ మాడ్రిడ్‌కి పోతున్నాడని అందరికీ తెలుసు. గోడకి ఆనుకుని నిలబడ్డ మాటెరాజీని చూసి కారాపించి దిగొచ్చాడు. ఇద్దరూ పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. మా క్యాంటీన్లో ఆ వీడియో ఎవరు పెట్టినా లంచ్ పదిహేను నిమిషాలు లేటు. జట్టులో కెప్టెన్ జనెట్టి ఉన్నాడు, గోల్స్ కొట్టిన మిలిటో ఉన్నాడు. కోచ్ కారు దిగింది మాత్రం ఆ సీజన్లో ఎక్కువగా బెంచీ మీదున్న ఈయన కోసం.

జూబ్లీ_జువె
ఆ వీడియో నేనూ చూశా. జువె ఫ్యాన్‌ని అయ్యుండి కూడా గొంతు పట్టేసింది. ఎవరికీ చెప్పకండి.

కడప_కీపర్
ఆల్రెడీ స్క్రీన్‌షాట్ తీశా.

నైట్‌డ్యూటీ_నాని
అందరికీ థాంక్స్. నా లెక్క ఇది: టాప్ అయిదులో పెట్టను, అక్కడ ఆచారి గారు గెలిచారు. టాప్ ఇరవైలో మాత్రం పెడతా. ఎవరైనా నవ్వితే ఈ చర్చ లింక్ ఇస్తా.

ఆఫ్‌సైడ్_ఆచారి
ఇరవైలో కూడా పద్దెనిమిది తర్వాతే. పనూచి, జాంబ్రోటా, కోస్టాకుర్తా, ఫెరారా, వీళ్లందరూ ముందు.

శైలజ_నెరాజుర్రి
పనూచి ముందా?! పనూచి వరల్డ్ కప్ ఫైనల్లో ఏం కొట్టాడో చెప్పండి ముందు.

మోడరేటర్_రాఘవ
పనూచికి వేరే చర్చ తెరవండి. ఆచారి గారూ, మీరే తెరవండి, మొదటి పోస్టు కాస్త చిన్నగా రాయండి.